దాత మూలుగతో ట్రాన్స్‌ప్లాంట్ అయ్యాక: వందో రోజు నుంచి ఏళ్ల తరబడి ఏం చూసుకోవాలి, ఎలా చూసుకోవాలి

"అక్కా, వంద రోజులు దాటాయి, ఇంటికి పంపేశారు. ఇక మామూలేనా?" ఈ ప్రశ్న నాకు వారానికి ఒకరైనా అడుగుతారు. మా తమ్ముడికి బ్లడ్ క్యాన్సర్ వస్తే మూలుగ ఇచ్చింది నేనే. తొమ్మిదేళ్లుగా వాడి ఫైలు మోస్తున్నదీ నేనే. అందుకని నన్ను అడుగుతారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే వరసగా రాసి పెడితే మంచిదనిపించింది.

నేను డాక్టర్ని కాను. ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్లు సాధారణంగా పాటించే తనిఖీల పద్ధతిని, మన ఊళ్లో ఉంటూ ఎలా అమలు చేయాలో రాస్తున్నాను. మీ టీమ్ వేరుగా చెబితే వాళ్ల మాటే వినండి.

ఇది అన్నదమ్ములో, అమ్మానాన్నో, బయటి దాతో ఇచ్చిన మూలకణాలు ఎక్కించుకున్నవాళ్ల కోసం. సొంత కణాలే తిరిగి ఎక్కించుకున్నవాళ్లకు ఇందులో జీవీహెచ్‌డీ (దాత కణాలు రోగి శరీరాన్ని పరాయిదనుకుని దాడి చేయడం) గురించిన మాటలు వర్తించవు.

1. ముందు లెక్క తెలుసుకోండి

ధైర్యం ఇచ్చే అంకె ముందు చెబుతాను. దాత మూలుగ ఎక్కించుకుని, రెండేళ్లు జబ్బు తిరగబెట్టకుండా గడిపిన పది వేల మందికి పైగా రోగుల వివరాలతో 2011లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. వాళ్లలో ట్రాన్స్‌ప్లాంట్ అయిన పదేళ్లకు బతికి ఉండే అవకాశం సుమారు 85 శాతం.

రెండో అంకె జాగ్రత్త కోసం. అమెరికాలోని సియాటిల్‌లో ట్రాన్స్‌ప్లాంట్ అయి జబ్బు తిరగబెట్టకుండా అయిదేళ్లు దాటినవాళ్లను గమనిస్తే, ట్రాన్స్‌ప్లాంట్ అయిన 20 ఏళ్లకు దాదాపు 80 శాతం మంది బతికి ఉన్నారు. కానీ అదే వయసు మామూలు జనంతో పోలిస్తే వాళ్లలో మరణాల రేటు 4 నుంచి 9 రెట్లు ఎక్కువ. ఆ తేడా 30 ఏళ్ల వరకూ పోలేదు.

మొదటి రెండేళ్లలో పెద్ద భయం జబ్బు తిరగబెట్టడం. తర్వాత వచ్చేవి వేరు: దీర్ఘకాలిక జీవీహెచ్‌డీ, ఆపైన ఇన్ఫెక్షన్లు, ఊపిరితిత్తుల దెబ్బ, గుండె జబ్బు, కొత్త క్యాన్సర్లు. వీటిలో చాలావాటికి ముందు చిన్న గుర్తులు కనిపిస్తాయి. ఆ గుర్తులు దొరకబుచ్చుకోవడం కోసమే ఈ పనులన్నీ.

2. ఫైలు కట్టండి

ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే ఈ పని చేయండి. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే చాలదు. అందులో ఆసుపత్రిలో జరిగింది ఉంటుంది, ఇరవై ఏళ్ల తర్వాత కావలసింది ఉండకపోవచ్చు. ఈ వివరాలన్నీ ఒక్క పేజీలో రాసివ్వమని ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌ను అడగండి:

- జబ్బు పేరు, ట్రాన్స్‌ప్లాంట్ తేదీ
- దాత ఎవరు, ఆడా మగా, ఎంత సరిపోలింది
- ముందు ఇచ్చిన కీమో మందుల పేర్లు. ఒళ్లంతటికీ రేడియేషన్ ఇచ్చి ఉంటే ఎంత మోతాదు
- పాత బ్లడ్ గ్రూపు, దాత బ్లడ్ గ్రూపు
- ట్రాన్స్‌ప్లాంట్‌కు ముందు చేసిన ఊపిరితిత్తుల, గుండె పరీక్షల రిపోర్టులు
- హెపటైటిస్ బి, టీబీ గతంలో ఉన్నాయా లేదా
- స్టెరాయిడ్ ఎంత కాలం, ఎంత వాడారు
- అత్యవసరానికి ఫోన్ చేయాల్సిన నంబరు

రేడియేషన్ మోతాదు తప్పకుండా రాయించుకోండి. థైరాయిడ్, కంటి శుక్లం, పిల్లలు కలగడం, రొమ్ము క్యాన్సర్ పరీక్ష ఏ వయసులో మొదలుపెట్టాలన్నది అంతా దాని మీద ఆధారపడి ఉంటుంది.

బ్లడ్ గ్రూపు సంగతి చాలామందికి తెలియదు. దాత గ్రూపు వేరైతే, కొన్ని నెలలకు రోగి గ్రూపు దాత గ్రూపుగా మారిపోతుంది. ఒక రాత్రి జ్వరంతో తమ్ముణ్ణి ఊళ్లో నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్తే, డ్రైవింగ్ లైసెన్స్ మీద బి పాజిటివ్, పరీక్షలో ఓ పాజిటివ్ వచ్చాయి. శాంపిల్ మారిపోయిందనుకుని మళ్లీ రక్తం తీశారు, రెండు గంటలు పోయాయి. ఆ మర్నాడే పర్సులో పెట్టుకునే చిన్న కార్డు చేయించాను. అందులో ఇలా రాయించండి: "దాత మూలుగ ట్రాన్స్‌ప్లాంట్ అయింది. బ్లడ్ గ్రూపు మారింది. రక్తం ఎక్కించే ముందు ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌ను అడగండి. ఇర్రేడియేటెడ్ రక్తం అవసరం కావచ్చు." ఇర్రేడియేటెడ్ అంటే దానం చేసిన రక్తంలోని తెల్లకణాలు దాడి చేయకుండా రేడియేషన్ పెట్టిన రక్తం.

లైసెన్స్, ఆఫీసు ఐడీ, స్కూలు డైరీ, ఇలా పాత గ్రూపు ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా మార్పించండి.

3. జ్వరం రాకముందే దగ్గర్లో డాక్టర్ని కుదుర్చుకోండి

మనవాళ్లలో చాలామంది వెల్లూరులోనో హైదరాబాద్‌లోనో ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుని నరసరావుపేటకో, ఆదిలాబాద్‌కో తిరిగి వస్తారు. రాత్రి పదకొండుకు జ్వరం వస్తే వెల్లూరు వెళ్లలేరు కదా. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఫైలు పట్టుకుని ఊళ్లో ఒక ఫిజీషియన్‌ను కలవండి. మీ ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌తో ఆయన్ని ఒకసారి ఫోన్‌లో మాట్లాడించండి.

జ్వరం వస్తే ఈ వరసలో చేయండి:

- థర్మామీటర్‌తో చూడండి. 100.4 డిగ్రీలు దాటితే అత్యవసరం కిందే లెక్క.
- పారాసెటమాల్ వేసి "పొద్దున చూద్దాం" అనుకోవద్దు. జ్వరం దిగుతుంది, ఇన్ఫెక్షన్ దిగదు.
- బయల్దేరుతూనే ట్రాన్స్‌ప్లాంట్ నంబరుకు ఫోన్ చేయండి.
- ఆసుపత్రిలో మొదటి మాటగా "దాత మూలుగ ట్రాన్స్‌ప్లాంట్ అయింది" అని చెప్పి కార్డు ఇవ్వండి.

ఇంత తొందర ఎందుకంటే, ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లలో, ముఖ్యంగా దీర్ఘకాలిక జీవీహెచ్‌డీ ఉన్నవాళ్లలో, ప్లీహం ఉన్నా సరిగ్గా పనిచేయదు. న్యుమోకాకస్ లాంటి బ్యాక్టీరియా అలాంటి శరీరంలో గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. చూడ్డానికి బాగానే ఉన్నా, అయిదేళ్లు దాటినా ఇది వర్తిస్తుంది.

ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడుతున్నంత కాలం పాత గోడలు పగలగొట్టే చోట, వడ్లు తూర్పారబట్టే చోట, పెంటదిబ్బ దగ్గర, పావురాల రెట్ట ఉన్నచోట ఉండకండి. ఆ దుమ్ములోని బూజు ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

4. మందుల దగ్గర జరిగే తప్పులు

*రక్తం ఇచ్చే రోజు మాత్ర వేసుకుని వెళ్లడం.* ఇమ్యూనిటీ తగ్గించే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ మందుల లెవెల్ (రక్తంలో ఎంత ఉందో) చూడాలంటే పొద్దుటి మాత్ర వేసుకోకముందు రక్తం తీయాలి. ముందే వేసుకుంటే అంకె ఎక్కువగా కనిపిస్తుంది, డాక్టరు మోతాదు తగ్గిస్తారు, జీవీహెచ్‌డీ లేస్తుంది. మాత్ర డబ్బాలో తీసుకెళ్లి, రక్తం ఇచ్చాక ల్యాబ్‌లోనే వేసుకోండి. పొరపాటున ముందే వేసుకుంటే దాచకుండా చెప్పండి.

*స్టెరాయిడ్ హఠాత్తుగా ఆపేయడం.* ముఖం ఉబ్బిందనో, షుగర్ వచ్చిందనో సొంతంగా ఆపేస్తారు. నెలల తరబడి వాడినప్పుడు శరీరం తన స్టెరాయిడ్ తాను తయారుచేసుకోవడం మానేస్తుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణాపాయం రావచ్చు. మెల్లగా తగ్గించాల్సిందే, అదీ డాక్టరు చెబితేనే.

*వేరే డాక్టరు రాసిన మందు అడగకుండా వాడడం.* యాంటీబయాటిక్ క్లారిథ్రోమైసిన్, బూజుకు వాడే వోరికొనజోల్ లాంటివి టాక్రోలిమస్ లెవెల్‌ను బాగా పెంచుతాయి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ బాగా తగ్గిస్తుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు టాక్రోలిమస్‌తో కలిసి కిడ్నీని దెబ్బతీస్తాయి. కొత్త మందు ఏదైనా ముందు ఫోటో తీసి ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌కు పంపండి.

*కషాయాలు.* ఇది కాస్త గట్టిగానే చెబుతాను. తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న సంఘటనలు కోవిడ్ రోజుల్లో మన దేశంలోనే బయటికి వచ్చాయి. పైగా "ఇమ్యూనిటీ పెంచుతుంది" అని అమ్మే ఏ పొడి అయినా జీవీహెచ్‌డీ ఉన్నవాళ్లకు ఏ మేలూ చేయదు. అక్కడ ఇబ్బంది పెడుతున్నదే ఆ ఇమ్యూనిటీ. ప్రేమతో తెచ్చిచ్చిన పెద్దమ్మకు నొప్పి కలగకుండా "డాక్టరు వద్దన్నారు" అని చెప్పేయండి. గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస కూడా టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ వాడినన్నాళ్లు వద్దు.

5. నెలకోసారి ఇంట్లో చేసుకునే తనిఖీ

ప్రతి నెలా ఒకే తేదీన, పగటి వెలుతురులో, తల నుంచి పాదాల దాకా చూడండి. పది నిమిషాలు పడుతుంది. మేము ఒకటో తారీఖు పెట్టుకున్నాం. మార్పు కనిపిస్తే ఫోటో తీసి తేదీ రాసి ఫైల్లో పెట్టండి.

కళ్లు: ఇసుక పడినట్టు గరగర, వెలుతురు చూడలేకపోవడం. ఏడ్చినా నీళ్లు రాకపోవడం ముఖ్యమైన గుర్తు.

నోరు: టార్చి వేసి బుగ్గల లోపల చూడండి. తెల్లటి గీతలు, వల లాంటి మచ్చలు, పుళ్లు ఉన్నాయా? అంతకంటే ముందే తెలిసే గుర్తు ఒకటుంది. అన్నేళ్లూ ఆవకాయ తిన్న మనిషి చారులో మిరియాలకే నోరు మండుతోందంటాడు, టూత్‌పేస్ట్ కూడా మండుతుందంటాడు. మన ఇళ్లల్లో వెంటనే "వేడి చేసింది, మజ్జిగ తాగు" అంటాం. మేమూ రెండు నెలలు అలాగే అనుకున్నాం. ఆడ దాత నుంచి మగవాళ్లకు ఇచ్చినప్పుడు జీవీహెచ్‌డీ అవకాశం కొంత ఎక్కువ అన్నది అప్పటికి నాకు తెలియదు. ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లకు "వేడి చేసింది" అన్న మాట ఇంట్లో వాడకండి. నోరు మండితే అది డాక్టరుకు చెప్పాల్సిన విషయం.

చర్మం, గోళ్లు: రంగు మారడం, మెరుపు, గట్టిపడడం, గోళ్లు చీలడం. చర్మం చిటికెతో పట్టుకుంటే లేస్తోందా? మానని పుండు, పెరుగుతున్న మచ్చ ఉందా?

కీళ్లు: నమస్కారం పెట్టి మోచేతులు పైకి లేపండి. అరచేతులు పూర్తిగా ఆనకుండా సందు కనిపిస్తే చర్మం కింది పొర బిగుస్తోందన్నమాట. రెండు చేతులూ నిటారుగా పైకెత్తగలుగుతున్నారా, గొంతుకూర్చోగలుగుతున్నారా చూడండి.

తుంటి: గజ్జల్లో నొప్పి, కింద కూర్చుని లేచేటప్పుడు నొప్పి ఉంటే స్టెరాయిడ్ వల్ల తుంటి ఎముకకు రక్తం అందకపోవడం కారణం కావచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు. ఎమ్మారై గురించి అడగండి.

శ్వాస: పోయిన నెల ఎక్కిన మెట్లే ఈ నెలా ఆగకుండా ఎక్కారా?

బరువు, విరేచనాలు, మింగడం: ఒకే మిషన్ మీద బరువు చూసి రాయండి. ముద్ద గొంతులో అడ్డుపడుతోందంటే తేలిగ్గా తీసుకోకండి.

మర్మాంగాలు: మంట, పొడిబారడం, బిగుసుకోవడం. సిగ్గుతో దాచేది ఇదే. ఆడవాళ్లలో యోని జీవీహెచ్‌డీని ముందుగా పట్టుకుంటే పూతమందులతో నెమ్మదింపజేయవచ్చు, వదిలేస్తే దారి మూసుకుపోవచ్చు. మహిళా డాక్టర్ని అడిగి చూపించుకోండి.

6. ఊపిరితిత్తుల పరీక్ష వదలకండి

ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటామంటే ఇది గుర్తుపెట్టుకోండి.

జీవీహెచ్‌డీ ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాలను మచ్చకట్టించి మూసేస్తుంది. ఆయాసం తెలిసేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. పోయింది తిరిగి రాదు. మందులతో మిగిలింది కాపాడుకోవడమే. ఛాతీ ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది, స్టెతస్కోప్‌కూ అంతుపట్టకపోవచ్చు. దీన్ని ముందుగా పట్టుకునేది గొట్టంలోకి గట్టిగా ఊదే స్పైరోమెట్రీ పరీక్ష.

ఎలా చేయాలంటే:

- ట్రాన్స్‌ప్లాంట్‌కు ముందు చేసిన రిపోర్టు ఫైల్లో పైనే ఉంచండి. పోల్చాల్సింది దానితో.
- చాలా సెంటర్లు మొదటి ఏడాది మూడు నెలలకోసారి చేయిస్తాయి. తర్వాత కనీసం ఏడాదికోసారి, జీవీహెచ్‌డీ ఉంటే ఇంకా తరచుగా. మీ సెంటర్ ఎప్పుడు చేయమంటుందో అడిగి క్యాలెండర్‌లో రాసుకోండి.
- రిపోర్టులో ఎఫ్‌ఈవీ-1 అనే అంకె చూడండి. మొదటి సెకనులో ఎన్ని లీటర్ల గాలి ఊదారన్నది అది. ప్రతిసారీ ఒక కాగితం మీద వరసగా రాయండి.
- "నార్మల్" అన్న మాట చూసి ఆగిపోకండి. 3.4 లీటర్లు ఉన్న మనిషికి 2.9 వచ్చినా కాగితం మీద నార్మల్ అనే పడవచ్చు. అది అతని ఊపిరితిత్తి పడిపోవడమే. పదో వంతు తగ్గినా టీమ్‌కు పంపండి.

దగ్గు, పిల్లికూతలు వస్తే ఊళ్లో ఆస్తమా అని ఇన్‌హేలర్ ఇచ్చి పంపుతుంటారు. ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లకు అలా చెబితే స్పైరోమెట్రీ రిపోర్టు ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరు చూసేదాకా ఊరుకోకండి.

7. టీకాలు మళ్లీ మొదటి నుంచి

చిన్నప్పుడు వేయించుకున్న టీకాల రక్షణ ట్రాన్స్‌ప్లాంట్‌తో చాలావరకు పోతుంది. పసిబిడ్డకు వేసినట్టే మళ్లీ వేయించాలి. సాధారణంగా వరస ఇలా ఉంటుంది:

- 3 నుంచి 6 నెలల మధ్య న్యుమోకాకల్ టీకా మొదలు
- 6 నెలల నుంచి ఫ్లూ ఇంజక్షన్, ఆపైన ఏటా
- 6 నుంచి 12 నెలల మధ్య ధనుర్వాతం, కంఠసర్పి, కోరింతదగ్గు, హిబ్ (మెదడు పొరల వాపు, న్యుమోనియా తెచ్చే ఒక బ్యాక్టీరియా), ఇంజక్షన్ పోలియో, హెపటైటిస్ బి
- 24 నెలలు దాటాక, జీవీహెచ్‌డీ లేకపోతే, ఇమ్యూనిటీ తగ్గించే మందులు ఆగిపోతేనే తట్టు, గవదబిళ్లల టీకా, ఆటలమ్మ టీకా

చివరివి బతికున్న వైరస్ టీకాలు. తొందరపడితే టీకాయే జబ్బు తెస్తుంది. బీసీజీ అసలు వద్దు.

ఇంట్లోవాళ్లు కూడా ఏటా ఫ్లూ టీకా వేయించుకోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే పల్స్ పోలియో ఆదివారం గుర్తుంచుకోండి. చుక్కల మందులో బతికున్న వైరస్ ఉంటుంది, అది కొన్ని వారాలు బిడ్డ మలంలో వస్తుంది. రోగి ఇంకా ఇమ్యూనిటీ తగ్గించే మందుల మీద ఉంటే, బిడ్డకు చుక్కలకు బదులు ఇంజక్షన్ పోలియో ఇప్పించడం గురించి ముందే పిల్లల డాక్టర్‌తో మాట్లాడండి. ఇప్పటికే చుక్కలు వేసేసి ఉంటే ఆ వారాల్లో రోగి డైపర్లు మార్చకూడదు, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

8. ఏటా చేయించాల్సినవి

ట్రాన్స్‌ప్లాంట్ జరిగిన తేదీని గుర్తు పెట్టుకుని ఆ నెలలో అన్నీ ఒకేసారి చేయించండి. మా తమ్ముడు దాన్ని రెండో పుట్టినరోజు అంటాడు. కేకు కోసేలోపు రక్తం ఇవ్వాలన్నది మా ఇంటి పద్ధతి.

- బ్లడ్ కౌంట్, కాలేయం, కిడ్నీ, మూత్రంలో ప్రొటీన్
- బీపీ, షుగర్, కొలెస్ట్రాల్. స్టెరాయిడ్ మీద ఉంటే ఇంకా తరచుగా
- థైరాయిడ్, రేడియేషన్ తీసుకున్నవాళ్లు ఒక్క ఏడాదీ వదలొద్దు
- ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ ఎంత నిల్వ ఉందో చెప్పే రక్తపరీక్ష)
- విటమిన్ డి. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ మొదట ఏడాదికి, తర్వాత డాక్టరు చెప్పినప్పుడు
- కంటి డాక్టరు: కన్నీళ్లు, శుక్లం
- పళ్ల డాక్టరు: ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి, నోటి క్యాన్సర్ కూడా చూడమని చెప్పి
- చర్మం మొత్తం డాక్టరు చేత

తలసీమియాకు ట్రాన్స్‌ప్లాంట్ అయిన పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. రక్తం ఎక్కించడం ఆగింది కాబట్టి ఐరన్ కథ ముగిసిందనుకోకండి. పాత ఐరన్ గుండెలో, కాలేయంలో అలాగే ఉంటుంది. కొద్దికొద్దిగా రక్తం తీసేయడమో, ఐరన్ తొలగించే మందో అవసరం కావచ్చు. పిల్లల ఎత్తు, బరువు ఆరు నెలలకోసారి రాసి ఉంచండి. ఎదుగుదల ఆగినా, ఈడు వచ్చే సమయం దాటినా హార్మోన్ డాక్టర్‌కు చూపించాలి.

9. కొత్త క్యాన్సర్ల మీద కన్ను

దాత మూలుగ తీసుకున్నవాళ్లకు గడ్డల రూపంలో వచ్చే క్యాన్సర్ల ముప్పు మామూలు జనం కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ అది పెరుగుతుంది. నోరు, చర్మం, థైరాయిడ్, అన్నవాహిక, రొమ్ము ముఖ్యమైనవి.

చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, వక్కపొడి పూర్తిగా మానాలి. పొగాకు లేని వక్క కూడా నోటి క్యాన్సర్ తెస్తుంది. ఎండలోకి వెళ్తే గొడుగు, నిండు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ ఉండాలి. ఎండ జీవీహెచ్‌డీని కూడా రేపుతుంది. వోరికొనజోల్ వాడుతుంటే ఇంకా జాగ్రత్త.

ఆడవాళ్లు ఏటా పాప్ టెస్ట్, 40 నుంచి మామోగ్రామ్ చేయించుకోవాలి. ఒళ్లంతటికీ గానీ ఛాతీకి గానీ రేడియేషన్ తీసుకున్నవాళ్లు ఇంకా ముందే మొదలుపెట్టాలి: 25 ఏళ్ల వయసు, లేదా రేడియేషన్ అయిన 8 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అప్పుడు. ఎట్టి పరిస్థితుల్లోనూ 40 దాటకూడదు.

10. పెళ్లి, పిల్లలు, మనసు

పిల్లలు కలగడం కష్టం కావచ్చు, అసాధ్యం అని మాత్రం అనుకోకండి. పిల్లలు వద్దనుకునేవాళ్లు జాగ్రత్తలు వాడాల్సిందే. చిన్న వయసులోనే నెలసరి ఆగిన ఆడవాళ్లకు ఎముకలు, గుండె కాపాడేందుకు హార్మోన్లు అవసరమా అని అడగండి. మగవాళ్లు నీరసం, కోరిక లేకపోవడం ఉంటే టెస్టోస్టిరాన్ చూపించుకోండి. పెళ్లి సంబంధం చూసేటప్పుడు విషయం దాచకండి. ఈ ఫైలు దాచిపెట్టి కాపురం చేయలేరు.

నిద్ర పట్టకపోవడం, ప్రతి రక్తపరీక్ష ముందు టెన్షన్, అందరూ "బతికావు, అదృష్టం" అంటుంటే లోపల ఏడుపు, ఇవి చాలామందికి ఉంటాయి. రెండు వారాలు దాటితే సైకియాట్రిస్ట్‌ను కలవండి. దగ్గరుండి చూసుకున్న భార్యో, తల్లో కూడా కలవాలి. వాళ్లను ఎవరూ అడగరు.

11. ఫ్రిజ్ మీద అంటించుకోవాల్సిన జాబితా

వెంటనే, రాత్రైనా:
- 100.4 దాటిన జ్వరం, వణుకు
- కొత్తగా ఆయాసం
- ఆగని వాంతులు, మాత్రలు కడుపులో నిలవకపోవడం
- కళ్లు పచ్చబడడం, రక్తస్రావం
- ఒంటికి ఒకవైపు మంటతో నీటి పొక్కుల వరస. ఇది సర్పి కావచ్చు, మొదటి మూడు రోజుల్లో మందు పడాలి

వారంలోపు:
- నోరు మండడం, కళ్లు పొడిబారడం, కొత్త దద్దుర్లు
- పొడిదగ్గు తగ్గకపోవడం
- నమస్కారంలో సందు
- తుంటి నొప్పి
- నెలలో రెండు కిలోలకు మించి బరువు తగ్గడం